తెరవని నోరు

“నోరు తెరువు గువ్వా. ఇదిగో, ఇంతే. ఆ... అను.”

సిస్టర్ తానే నోరు తెరిచి చూపించింది. పదకొండేళ్ల గువ్వ ఆమె పళ్లను శ్రద్ధగా చూసింది గాని, తన పెదవులు మాత్రం బిగించుకునే ఉంది. సిస్టర్ వేళ్ల మధ్య తెల్లటి గుండ్రటి అప్పం అలాగే ఆగిపోయింది.

వెనక బల్ల మీద కూర్చున్న తల్లి ముందుకి వంగి చూసింది. పూజలో ఇచ్చే అప్పాన్ని, మొదటి సత్ప్రసాదాన్ని, అందుకోవడానికి తయారవుతున్న మిగతా పదకొండుమంది పిల్లలూ ఒక్కరోజులో నేర్చేసుకున్నారు. గువ్వకి ఇది ఆరో వారం.

“ఇంట్లో బిస్కెట్ చూపిస్తే చాలు, చేతిలోంచి లాక్కుంటుంది సిస్టర్,” అంది తల్లి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“భయమెందుకు గువ్వా? ఇది ఉత్త అప్పమే. పిండీ నీళ్లూ అంతే. బలిపీఠం మీదికి వెళ్లి, ఫాదర్ గారు ప్రభువు మాటలు పలికాకే ఇది ఆయన శరీరం. ఇప్పుడు నేర్చుకోవడానికి పెడుతున్నాను. ఏదీ, ఆ...”

గువ్వ ఆ అప్పాన్ని సిస్టర్ వేళ్లలోంచి మెల్లగా తీసుకుంది. ఆ పిల్ల దాన్ని తీసుకెళ్లి, అది వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి మూత వేసింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన ఫాదర్ తల్లిని పక్కకి పిలిచాడు.

“అమ్మా, పాపకి మాటలు రావని నేను ఆపడం లేదు. ప్రార్థనలు నోటికి రాకపోయినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం కావాలి. మామూలు రొట్టెకీ సత్ప్రసాదానికీ తేడా ఉందని తనకి తెలియాలి. తెలిసినట్టు మీకెప్పుడైనా అనిపించిందా?”

తల్లికి అబద్ధం నోట రాలేదు. “దాని లోపల ఏముందో నాకూ తెలీదు ఫాదర్ గారూ. పూజలో నేను సత్ప్రసాదం తీసుకొచ్చి కూర్చుంటే మాత్రం, నా పెదాల మీద వేలు పెట్టి చూస్తుంది. ప్రతి ఆదివారం.”

ఫాదర్ గువ్వ వైపు చూశాడు. “సరే. వచ్చే ఆదివారం వరుసలో ముందు నిలబెట్టండి, వెనకైతే అంతసేపు ఆగలేదు. తీసుకుంటే దేవుడి దయ. అప్పుడూ నోరు తెరవకపోతే ఇక బలవంతం వద్దు. ఆ మాట మళ్లీ ఎత్తకండి.”

ఇంటికొచ్చి, ఊళ్లోవాళ్లు ఇచ్చిన బట్టల కోసం ఇస్త్రీపెట్టె అందుకుంటే, ఆడపడుచు దెప్పింది. “పదిమందిలో నవ్వులపాలవ్వాలని అంత సరదాగా ఉందా వదినా? దేవుడి పనంటే నీ కూతురు గుడ్డలు సర్దినట్టు కాదు.”

గుడ్డలు సర్దడంలో గువ్వకి తిరుగులేదు మరి. ఒకరి చొక్కా ఇంకొకరి మూటలోకి పోతే దాన్ని లాగి, దాని చోట పెట్టేదాకా ఊరుకోదు. తల్లి కసురుకున్న ప్రతిసారీ తీరా చూస్తే పొరపాటు తల్లిదే అయ్యేది.

ఆదివారం గుడి కిటకిటలాడింది. మొలకి తాళాలగుత్తి కట్టుకుని గుడి పనులన్నీ చక్కబెట్టే తాళాలాయన, పక్కబల్ల మీద పెద్దల అప్పాలతో పెద్ద గిన్నె, పిల్లల అప్పాలతో వేరుగా వెండి పళ్లెం, గాజు జగ్గు పేర్చాడు. అప్పాలు బలిపీఠానికి చేర్చే వేళ, గిన్నె పెట్టి తిరిగేసరికి మైకు కీచుమంది. ఆయన చేస్తున్న పని వదిలి వైర్ల దగ్గరికి పరుగెత్తాడు. ఫాదర్ మైకు లేకుండానే గొంతు పెంచి పూజ సాగించాడు.

గంట మోగింది. ఫాదర్ ప్రభువు మాటలు పలికి అప్పాన్ని పైకెత్తాడు. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. గువ్వ ఒక్కతే లేచి, గాజు జగ్గు మెరుస్తున్న వైపు అడుగేసింది.

తల్లి ఆమె గౌను పట్టి లాగింది. “అటు కాదే తల్లీ. ఇటు చూడు. దేవుడు ఇక్కడ.”

గువ్వ ఇటు చూసింది. మళ్లీ అటే చూసింది.

సత్ప్రసాదం వేళ సిస్టర్ వెండి పళ్లెం తెచ్చి ఫాదర్ చేతికిచ్చి, తాను పెద్ద గిన్నెతో పెద్దల వరుస వైపు వెళ్లింది. ఫాదర్ పిల్లల ముందుకొచ్చాడు.

“క్రీస్తు శరీరం.”

గువ్వ పెదవులు బిగుసుకున్నాయి.

“క్రీస్తు శరీరం,” అన్నాడు ఫాదర్ మరింత మెత్తగా.

వెనక ఎవరో దగ్గారు. తల్లి వంగి చెవిలో గొణిగింది. “నీ కాళ్లు పట్టుకుంటానే. ఈ ఒక్కసారికి తెరువు.”

తెరవలేదు. ఫాదర్ తల్లి వైపు చూసి తల అడ్డంగా ఊపి, పక్క పిల్ల వైపు తిరిగాడు. అప్పుడు గువ్వ రెండు చేతులా పళ్లెం అంచు పట్టుకుంది. ఫాదర్ లాగలేదు. లాగితే అప్పాలు నేలపాలవుతాయి. మెల్లగా వదిలేశాడు. గువ్వ ఒక్క అప్పం కూడా కదలకుండా పళ్లెం మోసుకెళ్లి, పక్కబల్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పింది. కప్పి, దానికి అడ్డంగా నిలబడింది.

గుడంతా గుసగుసలు. ఆడపడుచు మొహం చేతుల్లో దాచుకుంది. తల్లి వెళ్లి ఫాదర్ ముందు కూలబడింది.

“తప్పైపోయింది ఫాదర్ గారూ. దానికి తేడా తెలీదు. మీరన్నదే నిజం. ఇంకెప్పుడూ అడగను.”

ఫాదర్ ఆమెను లేపబోతుండగా తాళాలాయన వచ్చాడు. చేతిలో ఇంకా స్క్రూడ్రైవర్ ఉంది. గువ్వనీ, ఆమె వెనకున్న బల్లనీ చూసి అక్కడే ఆగిపోయాడు.

“ఫాదర్ గారూ,” అన్నాడు గొంతు తగ్గించి, “ఆ పళ్లెం నేను బలిపీఠం ఎక్కించనే లేదు.”