పులుపు పుట్టించే గాలి

“పోదుం, చాలింక భాగ్యం. చాప వెయ్యి.”

కన్నమ్మాళ్ ఆక్సిజన్ మాస్కును గడ్డం కిందికి లాగేసింది. మంచం మీది మనిషిని నేల మీద చాపకు దించమంటే అర్థమేమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇక తులసి నీళ్లే. ఇంకో రెండు రోజులు మాస్కు తీయకుండా ఉంటే గండం గడుస్తుందని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆమె మాత్రం పొద్దుటినుంచి దాన్ని ముక్కు దగ్గరికి రానివ్వడం లేదు. పక్కింటి ధనభాగ్యం కళ్లు తుడుచుకుంటూ చాప అందుకుంది.

మనవరాలు దర్శిని పరుగున వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

“అవ్వా, రేపు నాకు కెమిస్ట్రీ పరీట్చ. ఆక్సిజన్‌కి ఆ పేరు ఎట్ల వచ్చె?”

ధనభాగ్యానికి ఒళ్లు మండింది. “పెద్దామె పోతా ఉంటే నీకు మార్కులా పాపా? కొంచెమన్నా మనసుండొద్దా?”

దర్శిని ఆమె వైపు చూడలేదు. “నువ్వు చెప్పకుంటే నేను ఫెయిలే అవ్వా.”

కన్నమ్మాళ్ పోదనూరు స్కూల్లో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పిన మనిషి. కళ్లు తెరిచి మనవరాలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

“గ్రీకు మాట. పులుపును పుట్టించేది అని...” దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

“మాస్కు పెట్టుకో. ఊపిరి తీసుకొని చెప్పు.”

పెట్టుకుంది. కాసేపటికి తనే పక్కకు జరిపింది. “ఏ ఆసిడ్‌కైనా పులుపు దీనివల్లనే అనుకొని పెట్టిరి. తప్పు. బాత్రూం కడిగే ఆసిడ్‌లో ఇది లేనే లేదు.”

“తప్పని తెలిసినాక పేరు మార్చలేదా?”

మళ్లీ మాస్కు. ఈసారి ఇంకా ఎక్కువసేపు ఉంచుకుంది. ముఖంలోకి కాస్త రంగు వచ్చింది.

“లేదు కణ్ణు, నా తల్లీ. తెలిసే ఉంచుకొనిరి.”

అవ్వ దక్కుతుందన్న ఆశతో దర్శినికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంకేం అడగాలో తోచలేదు.

“హైడ్రోజన్ అడగవా? అది కూడా పరీట్చలో వస్తుంది గదా?” అంది కన్నమ్మాళ్. “ఉండు, ఊపిరి తీసుకొని చెప్తా.”

మాస్కును తనే పైకి లాక్కుని, సాగే తాడు చెవుల వెనక సర్దుకుంది. ధనభాగ్యం చాపను చుట్టి మళ్లీ మూలన పెట్టింది.

పోయిన ఏడాది దర్శినిని ప్లస్ టూలో కెమిస్ట్రీ లేని కామర్స్ గ్రూపులో చేర్పించింది కన్నమ్మాళే.