అద్దంలో ఏం చూశారు?

"నవ్వించకు సనోబర్! తల కదిలిందంటే డాక్టరమ్మ మళ్ళీ కోస్తుంది."

ఎర్గష్ మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తల మంచం అంచు అవతల, నడుమ ఖాళీ ఉన్న గుండ్రటి దిండులో ఉంది. సరిగ్గా ఆ ముఖం కింద, నేల మీద పరుపు వేసుకుని సనోబర్ వెల్లకిలా పడుకుంది. ఖర్బూజా ముక్కలు ఒక్కొక్కటే పైకి అందిస్తోంది. రసం ఆమె మీద టప్పున పడింది.

"నేను నవ్వించానా? తినడం చేతకాక నా మీద ఒలకబోసి..."

"ఎక్కడ పడింది?"

"నుదుటి మీద."

"ఆ నుదురు ఎలా ఉంటుందో! పెళ్ళయింది గానీ నేనింకా చూడలేదు కదా."

సరదాగానే అన్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆమె ముఖం. కంట్లో నింపిన గ్యాసు బుడగ వల్ల అతనికి పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. ఆ బుడగే లోపలి పొరకు పడిన రంధ్రాన్ని అదిమిపెట్టి పూడ్చాలి. అందుకే ఈ బోర్లా పడక.

ఎర్గష్ ఖీవా పట్టణంలో తలుపులు చెక్కే పనివాడు. ఉలి కింద లేచిన పెచ్చు తగిలి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కుడికంటి పొరకు నడిమధ్యన రంధ్రం పడింది. చుట్టూ అన్నీ కనిపిస్తాయి. దేన్ని చూడబోతే అదే మాయమవుతుంది.

పెళ్ళిలో ఇద్దరి తలల మీదా శాలువా కప్పి అద్దం చూపించినప్పుడూ అంతే. పువ్వుల ముసుగు కనిపించింది. చెవులకు ఊగే జూకాలు కనిపించాయి. నడుమ ఏమీ లేదు. "అద్దంలో ఏం చూశావు?" అని ఆడవాళ్ళు అడిగితే, ప్రతి పెళ్ళికొడుకూ చెప్పినట్టే "చంద్రుణ్ణి" అన్నాడు. ఆ తర్వాత సనోబర్ చెయ్యి పట్టుకుని నిజం చెప్పేశాడు.

నర్సు నసీబా మందు సీసాతో వచ్చింది.

"ఏమ్మా పెళ్ళికూతురుగారూ! నలభై రోజుల చిల్లా గడవకుండా కొత్త పెళ్ళికూతురు గడప దాటకూడదంటారు. మీరేమో ఆసుపత్రి నేల మీదే కాపురం పెట్టేశారు!"

"మా ఇంట్లోనూ అదే గొడవ. అసలీ పెళ్ళే వద్దన్నారు. వాళ్ళ మాట వింటే ఇంకా ఫోన్లోనే మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం."

"వాళ్ళే నయం," అన్నాడు ఎర్గష్ నేలను చూస్తూ. "మా ఇంట్లో నిఖా రోజున నా బూట్లు దాచేశారు. ఒట్టికాళ్ళతో వెళ్ళి చేసుకొచ్చాను."

నసీబా పకపకా నవ్వి, అతని చొక్కా సర్దబోతే జేబులోంచి చిన్న ఫొటో జారిపడింది. పత్తిచేలో నిలబడ్డ అమ్మాయి. నల్లటి కనుబొమలు, రెండు జడలు, ఒడి నిండా పత్తి.

"ఇంత అందగత్తె అయితే బూట్లు లేకుండా పరుగెత్తడంలో తప్పేం లేదు," అంటూ నసీబా ఫొటోను, సనోబర్‌ను మార్చి మార్చి చూసింది. ఆపైన ఫొటోను గబుక్కున జేబులో పెట్టేసింది.

ఆ చూపు సనోబర్‌కు గుచ్చుకుంది. నసీబా వెంట వరండాలోకి వెళ్ళింది.

"కన్ను బాగుపడితే ఎంత వరకు కనిపిస్తుందమ్మా?"

"అదృష్టం బాగుంటే పెద్ద అక్షరాలు చదువుతారు."

"ముఖం మీది చిన్న చిన్నవి కూడానా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"కన్ను పాడవకముందు నేను పంపిన ఆ ఫొటోలో పిల్లను చూడాలని ఆయన కలలు కంటున్నారు. ఆయన చూడబోయేది నన్ను."

బుడగ కరిగేదాకా ఇంట్లో ఆమె రోజూ ఉస్మా ఆకు నలిపి ఆ రసంతో కనుబొమలు దిద్దుకుంది. అతనికి కనిపించకపోయినా దిద్దుకుంది. అతను తొందరగా చూడాలని ఒక పూట, ఇంకొన్నాళ్ళు చూడకపోతే బాగుండునని మరో పూట కోరుకుంది.

మళ్ళీ స్కానింగ్ రోజు వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఇదే యంత్రం దగ్గర, "లోపల పచ్చ గుర్తును చూడండి" అంటే, "చూస్తే మాయమవుతోంది" అని విసుక్కున్నాడు ఎర్గష్.

"ఇప్పుడు పచ్చ గుర్తు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఎర్గష్ గడ్డాన్ని యంత్రానికి ఇంకాస్త ఆనించాడు.

"ఉంది. చూస్తున్నా... పోవడం లేదు."

తెర మీద కంటిపొర, పొరల రొట్టెను అడ్డంగా కోసినట్టు కనిపించింది. అప్పుడు నడుమ ఎవరో కొరికేసినట్టుండేది. ఇప్పుడు అతుక్కుపోయింది. "ఈ చిన్న గుంట అందరికీ ఉంటుంది, కంగారుపడకండి," అంది డాక్టరమ్మ.

ఎర్గష్ కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమైంది? నొప్పా?" సనోబర్ కంగారుగా లేచింది.

"కాదు. నిన్ను మొదటిసారి అద్దంలోనే చూడాలి. తెచ్చావా?"

సంచిలో ఉంది. అయినా ఆమె, "ఇంటికి వెళ్ళాక చూద్దురులెండి," అంది.

"సనోబర్! ఇప్పటిదాకా ఆగింది చాలదా?"

ఇద్దరి ఇళ్ళవాళ్ళూ తీసుకువెళ్ళడానికి వచ్చి గుమ్మంలో గుంపుగా నిలబడి ఉన్నారు. పెళ్ళి వద్దన్నవాళ్ళు కూడా వచ్చారు. నసీబా తన శాలువా తీసి ఇద్దరి తలల మీదా కప్పింది. సనోబర్ అద్దం పైకెత్తింది. అతను కళ్ళు తెరిచాడు.

అద్దం అంచు పట్టుకుని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం చూశారు?" అని ఆమె అడిగింది.

"చంద్రుణ్ణి."

"ఆచారం కోసం అనకండి. నిజం చెప్పండి."

"నిజమే చెబుతున్నా. ఫొటోలో ఉన్నది నెలవంక." ఎర్గష్ వేలు అద్దం మీద ఆమె చెంప వెంట మెల్లగా కదిలింది. "ఇది పున్నమి. మచ్చలతో, గీతలతో, బంగారు పన్నుతో సహా. నువ్వేం చూశావో చెప్పవేం?"

"సూర్యుణ్ణి," అంటూ ఆమె ఏడుస్తూనే నవ్వింది.

నిఖా రోజున తాతయ్య బూట్లు దాచిన మనవడే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.