నల్ల పురుగు ముట్టిన నిట్టాడు

నాటిన చెట్లే ఇళ్లుగా ఎదిగే ఆ కొండపల్లెలో, తెల్లారితే కోడళ్లకు ఒకటే పని. పచ్చి బెరడు కొరికే ఎర్ర పెంకుపురుగులను గోడల మీంచి ఏరి పారేయాలి. ఎండుకొమ్మలు మాత్రమే తినే నల్లవాటిని కప్పు మీదికి వదలాలి.

ఆ రోజు చిలకమ్మకు ఒక్క ఎర్ర పురుగూ దొరకలేదు.

"నువ్వేసిన పొగ బాగా పనిచేసిందత్తా!" అని మురిసిపోతూ నల్లవాటిని వదిలింది.

అవి కప్పెక్కలేదు. ఇంటి నడుమ కప్పును మోస్తూ నిలిచిన నిట్టాడు మానును కమ్మేసి కొరకసాగాయి. దానికి కట్టిన ఉయ్యాల్లో నెలల పిల్ల నిద్రపోతోంది.

చిలకమ్మ అరిచింది. "అత్తా! పచ్చి మాను తింటన్నాయే!"

"పిచ్చిదానా, నల్లది పచ్చిదాన్ని ముట్టదే..." అంటూ వచ్చిన కన్నెమ్మ నిట్టాడు మొదలు తడిమి చూసింది. పిల్లకు స్నానం చేయించాక కాగులో మిగిలిన మరుగునీళ్లు ఎవరూ తొక్కకూడదని, రోజూ ఆ నిట్టాడు మొదట్లోనే పోసింది తనే.

"ఇల్లు చచ్చిపోయిందే తల్లీ. పిల్లను తీసుకో."

చిలకమ్మ పిల్లను గుండెకు హత్తుకుని బయటికి పరుగెత్తింది. కప్పు మీద ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"ఒసే చిలకా! మీ ఎర్ర పురుగులన్నీ మా గోడెక్కాయి, వచ్చి ఏరుకోవే!" పక్కింటావిడ నవ్వుతూ కేకేసింది.