పదిహేడో నంబరు బొమ్మ

షేక్ బయ్యూమీ జేబులో చెయ్యి పెట్టగానే మహ్రూస్ గుండె జారిపోయింది.

"మావి కాల్చండి షేక్ గారూ, మేలు రకం" అంటూ తన సిగరెట్ పెట్టె ముందుకు తోశాడు. అందులో ఉండాల్సిన బొమ్మ లేదు. పొద్దున్నే తీసి పొయ్యిలో వేశాడు.

"వద్దు బావగారూ, నాకు నా సరుకే అలవాటు." షేక్ కొత్త పెట్టె విప్పడం మొదలుపెట్టాడు.

ఆ కంపెనీవాడి చేతులు పడిపోను! అమ్మకాలు పెంచుకోవడానికి తన అన్ని రకాల్లోనూ ఒక్కో పెట్టెలో ఒక్కో పాతకాలపు నర్తకి బొమ్మ పెట్టాడు. మొత్తం యాభై మంది. పదిహేడో నంబరు దుర్రా. మూడు వారాలుగా మహ్రూస్ వీధిలో దొరికిన పెట్టె దొరికినట్టు కొని, దుర్రా కనబడితే కాల్చేస్తున్నాడు. కానీ కైరో మొత్తాన్ని కొనగలడా?

ఆ ఫోటో తీసిన రోజు అతనికి ఇంకా గుర్తే. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. "గడ్డం పైకి! నడుం పక్కకి!" అని ఆర్మీనియా ఫోటోగ్రాఫర్ ఒకటే అరుపులు. ఆ మరుసటి నెలలోనే పెళ్ళి. తర్వాత బట్టల కొట్టు, పరువు. దుర్రా సంగతి ఈ వీధిలో ఎవరికీ తెలియదు. తెలిసిందా, కూతురు ఇన్సాఫ్‌కి ఈ సంబంధమే కాదు, ఏ సంబంధమూ రాదు. షేక్ గారి అబ్బాయి బంగారంలాంటి పిల్లవాడు. ఇవాళ ఫాతిహా ప్రార్థన చదివేస్తే మాట ఖాయం.

భార్య నబవియ్యకి ముందే చెప్పాడు. "నువ్వు మాత్రం వాళ్ళ ముందుకి రాకే. నీ మొహంలో ఏదీ దాగదు."

ఆమె తెర వెనకే ఉంది. తెర కదులుతోంది.

పెట్టెలోంచి బొమ్మ జారి షర్బత్ పళ్ళెంలో పడింది. పదిహేడు.

షేక్ దాన్ని తీసి, కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. మహ్రూస్‌కి చెమటలు మీసం మీదుగా కారుతున్నాయి.

"ఈమె ఎవరో తెలుసా?"

"తె... తెలీదండీ."

"దుర్రా!" షేక్ గొంతు తగ్గించాడు. "టాంటా జాతరలో చూశాను. ఈ తలపాగా కట్టకముందు సంగతి లెండి. వరసగా నాలుగు రోజులు వెళ్ళాను. ఎంత సిగ్గనుకున్నారు! ఒక్క పాట పాడలేదు. ఒక్క మాటకీ నోరు విప్పలేదు. అంతా కళ్ళతోనే. పై పెదవి మీద ఈ పుట్టుమచ్చ చూశారా? దీనికోసం కుర్రాళ్ళు తలలు పగలగొట్టుకున్నారు."

తెర వెనక పెద్ద దగ్గు.

"చెల్లెమ్మకి జలుబా?"

"అవునండీ. బాగా ముదిరింది."

మహ్రూస్ షర్బత్ పళ్ళేన్ని షేక్ వైపు జరిపాడు.

"ఎవరింటి ఇల్లాలయిందో, ఏమో!" షేక్ నిట్టూర్చి, బొమ్మని లోపలి జేబులో భద్రంగా దాచుకున్నాడు. "మా ఆవిడ చెవిన పడనీయకండి, గడప తొక్కనివ్వదు. సరే, కానివ్వండి, ఫాతిహా చదువుదాం."

ఇద్దరూ చేతులెత్తి చదివారు.

ముగిశాక ఆనవాయితీ ప్రకారం అరచేతులతో మొహం తుడుచుకుంటూ, మహ్రూస్ తన గుబురు మీసం కింద పుట్టుమచ్చ సరిగ్గా దాగే ఉందో లేదో వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు.