కొత్తల్లుడి వేట

"మా ఇంట్లో కొత్తల్లుడు వేటకెళ్ళాకే కుందేలు కూర పెడతామండి బాబూ," అంటూ కీర్తన అమ్మమ్మ సుమంత్‌కి కర్ర అందించింది. అతనికి కీర్తనతో పెళ్ళై ఇంకా వారం తిరగలేదు.

కొల్లూరు లంకలో మొక్కజొన్న చేను చివర వల కట్టారు. సుమంత్ కేకలు పెడుతూ చేలోకి దిగాడు. కుందేలు వెనక నుంచి అతని కాళ్ళ సందులోంచి వల వైపు దూసుకుపోయింది. దాని వెంట పరిగెత్తి తనే వలలో బోర్లాపడ్డాడు. అది అతని వీపు మీంచి అవతలికి దూకింది.

"తప్పించుకుందండి అమ్మమ్మగారూ!" అన్నాడు సిగ్గుతో.

ఆవిడ పడీపడీ నవ్వింది. "తలెత్తి చూడండి."

వల అవతల కీర్తన, కుందేలును చెవులు పట్టుకుని నిలబడి ఉంది.

"కుందేల్ని పట్టడం మా అమ్మ నాకు నేర్పింది, నేను దీనికి నేర్పాను," అంది అమ్మమ్మ. " దాన్ని బెదరగొట్టడమే అల్లుళ్ళ పని బాబూ."

"వేట మాది, వంట మీదండి," అంది కీర్తన. "లేవండి, నాన్న అప్పుడే మసాలా నూరుతున్నారు."