ఒక్క గాక

మాట తప్పినవాళ్ళకు వీధి చివరి న్యాయయంత్రమే జైలు వేసే రోజులవి. కూరలమ్మేవాడు సైతం ‘తాజావి’ అనడానికి జంకేవాడు.

అభయస్వామిని నమ్మి మందులు మానేసిన మొగుడు చచ్చిపోతే, నూకరత్నం ఆ స్వామిని యంత్రం ముందుకు ఈడ్చింది. యంత్రం అతని పాత మాటలు వినిపించింది.

“నీ రోగం నయమగుగాక! మందులతో నీకిక పని లేకుండుగాక!”

“గాక అన్నాడు కనుక ఇది దీవెన, హామీ కాదు. కేసు చెల్లదు,” అని తేల్చేసింది.

స్వామి గడ్డం చాటున నవ్వుకున్నాడు.

“ఓరి దొంగ సచ్చినోడా, ఆ ఒక్క ముక్క అడ్డమెట్టుకుని మా మావని సంపేసినావా?” నూకరత్నం అచ్చం అతనిలాగే చెయ్యెత్తింది. “నీ నోట పురుగులు పడుగాక!”

“బెదిరిస్తోంది, కేసు రాసుకో!” స్వామి అరిచాడు.

“గాక అంది. చెల్లదు,” అంది యంత్రం.

స్వామి అప్పటికే ఉత్తరీయంతో గబగబా నోరు తుడుచుకుంటున్నాడు.