తట్టు సూది

బాబును ఒళ్లో అదుముకుని ఆమె బెంచీ చివర ముడుచుకుని కూర్చుంది. నర్సు తలుపు తీసి ఒకసారి ఇటు చూసింది. చూసీ చూడనట్టు లోపలికి పోయింది.

నిన్న పక్కింటి పాపకు ఒళ్లంతా తట్టు పోసింది. మొన్నటిదాకా ఆ పాపా, వీడూ ఒకే చాప మీద పొర్లారు. తొమ్మిదో నెలలో వేయించాల్సిన సూది వీడికి పడలేదు. ఇప్పుడు పదకొండో నెల. ఎర్ర మచ్చ కనబడుతుందేమోనని పొద్దుటి నుంచీ వాడి చెవుల వెనక వెతుకుతూనే ఉంది.

పక్కన ఒక ముసలావిడ మనవరాలిని ఆడిస్తోంది. నోరు ఊరుకోదు. ఈ డాక్టరు కొత్త పద్ధతి పెట్టారట. సూది రేపనగా ఇంటికి ఫోను వస్తుందట. చేసే ఆవిడకు అందరూ ఫోనమ్మ అని పేరు పెట్టారట. జలగైనా వదులుతుంది గానీ ఆవిడ వదలదట.

"ఇంటికి చుట్టాలొచ్చారు, వచ్చే వారం చూద్దాం అన్నాను. 'చుట్టాలు మళ్లీ వస్తారు అమ్మమ్మగారూ, జబ్బు మాత్రం చెప్పి రాదు' అంది. సిగ్గుతో చచ్చి వచ్చాననుకో. మొహం ఎరగను గానీ, ఆ గొంతు వెయ్యిమందిలో ఉన్నా పట్టేస్తాను. నీకూ చేసిందా అమ్మాయ్?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మాట్లాడవేం తల్లీ, గొంతు పట్టేసిందా?"

ఆమె గొంతు మీద చెయ్యి వేసుకుని తల వంచేసింది. వేడినీళ్లు తాగమని ముసలావిడ జాలిగా చెబుతుండగానే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

డాక్టరు తలుపు మూసి బాబు కళ్లు, నోరు, చెవుల వెనక అంతా చూశారు.

"ఇంకా ఏమీ కనబడలేదు. సూది ఇప్పుడే వేస్తాను. అంటుకుందో లేదో మాత్రం పది రోజులు పోతే గాని చెప్పలేను." గొంతు తగ్గించి అడిగారు. "రెండు నెలలు ఎలా మరిచిపోయావమ్మా?"

ఎవరూ గుర్తు చేయలేదండి అనబోయి ఆమె నాలుక కరుచుకుంది.

సూది దిగగానే బాబు గుక్కపట్టాడు. ఆమె కూడా ఏడ్చింది, చప్పుడు కాకుండా, గోడవైపు తిరిగి.

డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నారు. "వాణ్ణి కాసేపు ఇక్కడే పడుకోబెట్టి, కళ్లు తుడుచుకుని నీ గదిలోకి వెళ్లు ఫోనమ్మా, రేపు రావలసిన తల్లులకు ఇంకా ఎవరూ ఫోను చెయ్యలేదు."